గాజు కిటికీ

సెలీమ్ కనుమ ఎక్కేటప్పుడు
మూడో మలుపు దగ్గరే ఆగుతుంది నా లారీ.
ముందు దగ్గుతుంది, తర్వాత ఈడుస్తుంది,
ఆపైన కాలికింద యాక్సిలరేటరు
ఊడిన చెప్పులా తేలిపోతుంది.
వెనక మూడు టన్నుల బంగాళాదుంపలు,
పక్కన లోయ,
చేతిలో హ్యాండ్ బ్రేకు, నోట్లో బూతు.

పావుగంట ఆగితే మళ్ళీ స్టార్టవుతుంది
ఏమీ ఎరగనట్టు,
అలిగి పడుకుని, అన్నం వాసనకి లేచొచ్చిన పిల్లలా.

మార్తూనిలో ప్రతివాడికీ దాని జబ్బు తెలుసు.
ప్లగ్గులన్నాడు గుర్గేన్. ఎనిమిదీ మార్చాను.
కాయిలన్నాడు వాళ్ళ బావమరిది, తన దగ్గర ఒకటుందన్నాడు.
ఎండకి పెట్రోలు ఆవిరవుతోంది,
పంపుకి తడిగుడ్డ చుట్టమంది రొట్టెల కొట్టు వార్సెనిక్.
చుట్టాను. అక్టోబరు నెల.
గుడ్డ గడ్డకట్టి కర్రలా అయింది.
లారీ మూడో మలుపు దగ్గర ఆగింది.
అమ్మేసి కొత్తది కొనుక్కోమన్నవాళ్ళు
డబ్బులెవరిస్తారో చెప్పలేదు.

సెద్రాక్ దగ్గరికి చివర్న వెళ్ళాను.
చివర్న ఎందుకంటే ఆయన తిడతాడు.
ఫ్యాక్టరీలో పోయింది ఆయన కుడిచెవి.
స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి
పిడి పళ్ళమధ్య కరుచుకుని
దవడ ఎముకతో వింటాడు.

"ఏమైందో చెప్పకు" అన్నాడు,
"ఎప్పుడవుతుందో చెప్పు.
ట్యాంకు నిండుగా ఉన్నప్పుడా, అడుగంటినప్పుడా?"

ఇంతమందిలో ఆ మాట అడిగినవాడు లేడు.
బంకులో నిండా కొట్టించిన రోజు తొందరగా ఆగుతుంది,
సగమే ఉంటే కనుమ దాటాక.
చెబుతుంటే నాకే వింతగా వినిపించింది.

ఒళ్ళో పనిముట్ల సంచితో పక్కసీట్లో కూచున్నాడు.
మూడో మలుపు మర్యాద తప్పలేదు.

బానెట్ ఎత్తాడు.
కార్బొరేటరు పక్కన ఒక గాజు కిటికీ ఉంది,
కోటు గుండీ అంత.
ఇరవై రెండేళ్ళుగా తోలుతున్నాను, జిడ్డుకింద
దాని మొహమే చూడలేదు.
ఉమ్మేసి బొటనవేలితో తుడిచి, టార్చి పెట్టాడు.
"ఏం కనిపిస్తోంది?"
"ఏమీ లేదు."
"అదే. ఏమీ లేదు."
పంపు మీట చేత్తో కొట్టాడు, పది సార్లు, ఇరవై సార్లు.
కిటికీలో చుక్క లేదు.

అప్పుడు ఇంజను వదిలేసి
ట్యాంకు దగ్గరికి నడిచాడు, మూత తిప్పాడు.

ఉస్స్...
నీళ్ళలోంచి తల పైకెత్తిన మనిషిలా
ట్యాంకు గాలి పీల్చింది, ఎంతసేపో.
మళ్ళీ మీట కొడితే
కిటికీలో పెట్రోలు
మెల్లగా, లేత పసుపుగా, సగం దాకా లేచి నిలబడింది.

మూతలోపల గుండ్రటి ప్లాస్టిక్ ముక్క.
పెరుగు బకెట్ మూత నుంచి కత్తిరించినది.
పోయిన చలికాలం వాషరు చిరిగి
పెట్రోలు చిందుతోందని, క్యాబినంతా కంపని,
కొలిచి, కత్తిరించి, గట్టిగా బిగించింది నేనే.
చక్కగా కుదిరిందని మురిసింది కూడా నేనే.
ఇంజను లాగుతుంటే ఖాళీ అయిన చోటికి
గాలి రావాలి కదా, ఎక్కణ్ణించి వస్తుంది?

సెద్రాక్ తిట్టలేదు. తిడితే బాగుండేది.
పాత ట్యూబు రబ్బరు కోసి వాషరు చేసి,
మూతకున్న బొక్కలో మేకు దూర్చి శుభ్రం చేసి,
కూలికి ఒక బస్తా దుంపలు దింపించుకున్నాడు.

నిలబడి ఉన్నప్పుడు ఇంకా వణుకుతోందన్నాను.
కార్బొరేటరు కింద గాస్కెట్ ఎక్కడో గాలి లాగుతోందట.
"అక్కడ చాలక, ఇక్కడ ఎక్కువై" అని గొణిగి
వసంతంలో చూద్దామన్నాడు.

మర్నాడు మూడో మలుపు దగ్గర లారీ ఆగలేదు.
నేనే ఆపాను.
దిగి, ట్యాంకు మూత వదులుచేసి, చెవి పెట్టాను.
ఏ చప్పుడూ లేదు.
వెనక ఇంజను వణుకుతూ నాకోసం నిలబడి ఉంది.